తొలినీళ్ళ సారు

మొన్న మదనపల్లెలో పరీక్షలు చేసే ఒక అద్దాల గదికి వెళ్ళాను. డెబ్భై దాటినవాళ్ళకు డాక్టర్లు రాసిచ్చే చీటీలో షుగరు, కొలెస్ట్రాలుతో పాటు మూత్రపరీక్ష కూడా ఉంటుంది, పెళ్ళి భోజనంలో అప్పడం లాగా. అక్కడి అమ్మాయి ఒక ప్లాస్టిక్ డబ్బా నా చేతిలో పెట్టి, "ఆ మూల బాత్రూముంది అంకుల్, పట్టియ్యండి" అంది.

"ఇప్పుడా? పదకొండయింది కదమ్మా" అన్నాను.

"ఎప్పుడైనా ఫర్వాలేదు అంకుల్."

ఎప్పుడైనా ఫర్వాలేదట! ఈ మాట మా సారు చెవిన పడి ఉంటే ఆ అమ్మాయిని కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పి, నన్ను ఆ రాత్రికి తన తిన్నె మీద పడుకోబెట్టి ఉండేవాడు. నేను ఖాళీ డబ్బా జేబులో వేసుకుని ఇంటికొచ్చి, మరుసటి రోజు తెల్లవారుతూనే పట్టి తీసుకెళ్ళాను. అమ్మాయి నవ్వుకుంది. నవ్వుకోనీ, నా అలవాటు నాది.

ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. చదువుకున్నవాళ్ళు ల్యాబు సారు అనేవాళ్ళు. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు తొలినీళ్ళ సారు అనేవాళ్ళు. వీధిలో గిట్టనివాళ్ళు పిలిచే పేరు ఇక్కడ రాయలేను గానీ, అదీ నీళ్ళకు సంబంధించిందే.

పంతొమ్మిది వందల డెబ్భైల్లో మాట ఇది. మదనపల్లెలో బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక సందు, సందు చివర పెంకుటిల్లు, ఇంటి ముందు పొడుగాటి తిన్నె. ముందుగది ఆయన ల్యాబు. అందులో ఒక బల్ల, స్పిరిటు దీపం, నిలబెట్టిన గాజు గొట్టాలు, ఒక సూక్ష్మదర్శిని. కిటికీ అద్దానికి మాత్రం ఒక పాత పంచాంగం కాగితం అతికించి ఉండేది. ఆ కాగితమే ఆయన్ను మూడు తాలూకాల్లో జోస్యుణ్ణి చేసింది.

సంగతేమిటంటే, మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పోతోందా లేదా అని చూడడానికి గొట్టంలో ఆ నీళ్ళు పోసి పైభాగాన్ని దీపం మీద కాచేవాడు. పోతూ ఉంటే కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు తెల్లగా మడ్డి కడుతుంది. రెండు చుక్కలు ఆసిడ్ వేసినా ఆ తెలుపు కరగకపోతే అది ఆల్బుమినే. ఎంత పోతోందో తెలియడానికి గొట్టం వెనక అచ్చు కాగితం పెట్టి, ఏ అక్షరాలు కనిపిస్తున్నాయో చూడాలి. పంచాంగంలో అయితే తాటికాయంత అక్షరాల పండగల నుంచి చీమకాళ్ళంత రాహుకాలం అంకెల దాకా అన్నీ ఒకే పుటలో దొరుకుతాయి. అంతకు మించి అందులో మర్మం లేదు.

కానీ చూసేవాడికి ఎలా ఉంటుంది? ఒక సన్నటి మనిషి, చెవి దగ్గర అగ్గిపెట్టె ఆడించి పుల్లలున్నాయో లేవో విని, దీపం వెలిగించి, గొట్టం కాచి, కిటికీ దగ్గరకెళ్ళి, ఒక కన్ను మూసి, పంచాంగం ముందు గొట్టం పట్టుకుని, "పండగలు కనపడతాండాయి. తిథులు కొంచిం మసక. రాహుకాలం అసలు కనపళ్ళా" అంటాడు. వినేవాడు చెప్పులు విడిచి దండం పెట్టక ఏం చేస్తాడు?

రామకుప్పం దగ్గరి రైతు ఒకడు తన భార్య నీళ్ళ సీసాతో పాటు ఆమె జాతకం కూడా తెచ్చాడు. సారు అరిచాడు. రైతు అరుపులన్నీ నెమ్మదిగా విని, "అదట్లుండనీ సారూ. అడివి పక్కనుండే సేను మాది. ఈ తూరి ఏనుగులు ఎప్పుడు దిగుతాయో అది కూడా ఆ కాయితంలో సూసి సెప్పు" అన్నాడు.

"ఏనుగు తొలినీళ్ళు పట్టుకోనిరాప్పా, తప్పకుండా చెప్తా" అన్నాడు సారు.

తొలినీళ్ళంటే ఆయనకు అంత పట్టుదల. రాత్రంతా ఒంట్లో నిలిచి, పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం చిక్కగా ఉంటుంది. అదే నిజం చెబుతుంది. పొద్దెక్కాక ఇచ్చేవి, తాగిన నీళ్ళతో పలచబడినవి ఆయనకు పనికిరావు. మరి పెద్దపంజాణి నుంచో, కలికిరి నుంచో తొలి బస్సెక్కి వచ్చినా పది దాటుతుంది. ఇంట్లో పట్టి తెస్తే ఆముదం సీసాలో ఒకరు, బ్రాందీ సీసాలో ఒకరు తెస్తారు. ఒకామె కడిగీ కడగని మజ్జిగ సీసాలో తెచ్చి, లేని జబ్బు తెచ్చుకుని ఏడ్చింది. అందుకని ఆయనొక పద్ధతి పెట్టాడు. దూరం వాళ్ళు ముందురోజే వచ్చి ఆయన తిన్నె మీద పడుకోవాలి. తెల్లవారుతూనే ఆయన చప్పట్లు కొట్టుకుంటూ వచ్చి, వేడినీళ్ళలో ఉడికించిన తన సొంత సీసాలు తలా ఒకటి ఇచ్చి, "లేయండప్పా, లేయండమ్మా, తొలినీళ్ళు! తొలినీళ్ళు!" అని వీధంతా లేపేవాడు. ఎదురింటాయన మునిసిపాలిటీకి అర్జీ పెట్టాడు. ఆ ఎదురింటాయనకే కాళ్ళు వాచినప్పుడు, వీధి దాటి వచ్చి అదే తిన్నె మీద పడుకోబోతే, "నీకెందుకప్పా, నీ ఇంట్లోనే పండుకో, నా కేక నీకు ఇనపడతాది కదా" అన్నాడట సారు.

ఆ తిన్నె మీదికి నేను మా చెల్లెలి వెంట వెళ్ళాను.

మాది పెద్దపంజాణి వైపు పల్లె. నాన్న లేడు. నేను అప్పుడే పుంగనూరులో బడిపంతులుగా చేరాను. చెల్లెలికి పద్దెనిమిదేళ్ళు, అక్కడే ఇంటర్ చదివేది. ఒకరోజు పొద్దున ఆమె కళ్ళు తెరవలేకపోయింది, రెప్పలు అంతగా ఉబ్బాయి. సాయంత్రానికి కాళ్ళు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. పుంగనూరు డాక్టరు చూసి మా అమ్మకు విడమరిచి చెప్పాడు: ఒంట్లోకి వచ్చే రోగాలతో కొట్లాడడానికి మనకొక బలం ఉంటుంది, ఒక్కోసారి దానికి తనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో తెలియకుండా పోతుంది, అప్పుడు సొంత కిడ్నీల మీద పడుతుంది, కిడ్నీల జల్లెడకు చిల్లులు పడి ఒంట్లో సారం నీళ్ళలో పోతుంది.

"అంటే ఇంట్లో కుక్క ఇంటోళ్ళనే కరిసినట్ల" అంది మా అమ్మ.

"సరిగ్గా అంతే" అన్నాడు డాక్టరు. మాత్రలు రాశాడు, ఉప్పు మానమన్నాడు, నెలనెలా మదనపల్లెకు వెళ్ళి ఆ సారు దగ్గర నీళ్ళు చూపించుకుని చీటీ తెమ్మన్నాడు. చీటీని బట్టి మాత్రలు పెంచడమో తగ్గించడమో చేస్తానన్నాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు పంచాంగంలో తాటికాయంత అక్షరాలు కూడా కనపడలేదు. సారు గొట్టం దించి, చెల్లెలిని కూర్చోమని, మూడు వేళ్ళు చూపించాడు. ఆయన అందరికీ చెప్పే పాఠమే అది.

"ఈ జబ్బు మూడు రకాలు పాపా. ఒకటి చుట్టం. వస్తాది, నాలుగు దినాలు గొడవ చేస్తాది, పోతాది. రెండోది ఇల్లరికపల్లుడు. పోడు. కానీ సర్దుకోని బతకొచ్చు. మూడోది దొంగ. చప్పుడు కాకుండా వచ్చి, రోజూ కొంచిం కొంచిం ఎత్తకపోతా ఉంటాడు."

"మాదేది సారూ?" అంది చెల్లెలు.

"ఒక సీసాతో చెప్తే నేను సోదమ్మనవుతా. ఇంకా రావల్ల నువ్వు."

"మూడూ మగోళ్ళ మాదిరే ఉండాయి" అంది మా చెల్లెలు. ఒళ్ళు ఉబ్బినా నోరు ఉబ్బలేదు దానికి. లోపల వంటింట్లో నుంచి సారు భార్య పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి మేము ఆ ఇంట్లో రోగులం కాము, బంధువులమయ్యాం.

ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. తిన్నె మీద పడుకునేవాళ్ళందరికీ రాత్రి ఉప్పులేని సంగటి, ఉప్పులేని పప్పు పెట్టేది. వాళ్ళు చిన్నబుచ్చుకోకుండా సారు కూడా వాళ్ళ పక్కనే కూర్చుని అదే తినేవాడు. మేమంతా మహానుభావుడు అనుకునేవాళ్ళం. ఒకసారి నేను నీళ్ళ కోసం లోపలికి వెళితే, తలుపు చాటున నిలబడి మహానుభావుడు మామిడికాయ ఊరగాయ ముక్క చప్పరిస్తున్నాడు. వెనకే వచ్చిన భార్యకు కూడా దొరికిపోయాడు.

"వాళ్ళకైతే పత్యం. నాకు వ్రతమే కదా. వ్రతభంగానికి ప్రాయశ్చిత్తం ఉండాది" అన్నాడు, ముక్క మాత్రం ఉమ్మలేదు.

ఎర్రగా నీళ్ళు పోశానని గుండెలు బాదుకుంటూ వచ్చేవాళ్ళకు ఆయన ధైర్యం చెప్పేవాడు. "ఎరుపు అరుస్తాది, నురగ గొణుగుతాది. అరిసేదాన్ని సూసి బయపడాకు, గొణిగేదాన్ని ఇను" అనేవాడు. సబ్బునీళ్ళలా నురగ వస్తోందని మాటవరసకు చెప్పినవాళ్ళను మాత్రం వదిలేవాడు కాడు. వాళ్ళు బస్సెక్కబోతున్నా వెనక్కి పిలిచి సీసా చేతిలో పెట్టేవాడు.

నాలుగు నెలలు గడిచాయి. పంచాంగంలో ముందు పండగలు కనపడ్డాయి, తర్వాత తిథులు. వాపు తీసింది. ఐదో నెల సారు ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, "అల్లుడు మాదిరి ఉండాడు పాపా. ఇంకా గట్టిగా చెప్పలే" అన్నాడు. మేము పండగ చేసుకున్నాం. దొంగ కాదు, అది చాలు.

కానీ మాత్రలు తమ పని తాము చేశాయి. మా చెల్లెలి మొహం పున్నమి చంద్రుడిలా గుండ్రమైంది. చెంపల మీద నూగు మొలిచింది. మెడ కింద కండ పెరిగింది. కాలేజీలో ఎవరో గుమ్మడికాయ అన్నారు. నోరున్న పిల్ల, ఆ పొద్దు ఇంటికొచ్చి అద్దం తీసి గోడవైపు తిప్పేసింది.

ఆరో నెల మదనపల్లె బస్టాండులో దిగగానే నా చొక్కా పట్టుకుంది. "అన్నా, ఈ తూరి చీటీ బాగొస్తే డాక్టరు మాత్రలు తగ్గిస్తాడంట కదా. నాకు ఈ మొహం వద్దన్నా. సచ్చినా ఫర్వాలేదు" అంది. బస్టాండు మధ్యలో నిలబడి ఏడ్చింది.

చెల్లెలు ఏడిస్తే అన్న బుర్ర పనిచేయదు. పైగా నేను బడిపంతుల్ని. పరీక్షంటే పిల్లల్ని పాస్ చేయించాల్సినది అన్న బుద్ధి నాది. అక్కడే నాలుగు లేత టెంకాయలు కొట్టించి తాగించాను. రాత్రి చెంబుల కొద్దీ నీళ్ళు. తెల్లవారకముందే ఆమె లేచి, తొలినీళ్ళు పెరట్లో పారబోసి, మళ్ళీ రెండు చెంబులు తాగింది. నేను కుండలో నుంచి ముంచి ఇచ్చాను. సారు చప్పట్లు కొట్టుకుంటూ వచ్చేసరికి బుద్ధిమంతుల్లా కూర్చున్నాం. ఆమె సీసాలో పట్టి ఇచ్చింది చుక్క రంగు లేని నీళ్ళు.

ఆయన కాచాడు. కిటికీ దగ్గరకు వెళ్ళాడు. ఒక కన్ను మూశాడు. తర్వాత మూసిన కన్ను కూడా తెరిచాడు.

"తిథులు! రాహుకాలం! వర్జ్యం! అడుగున అచ్చాపీసు పేరు కూడా కనపడతాండాదే! యామే, ఇట్ల రా, వచ్చి సూడు!" అని భార్యను కేకేశాడు. ఆవిడ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి చూసింది. "సుట్టమేనేమో పాపా, పోతాండాది, పోతాండాది" అంటూ మా చెల్లెలి తలమీద చెయ్యి పెట్టాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాను. నాకు అప్పుడు చెప్పేయాలనిపించింది. చెప్పలేదు. చెల్లెలు నవ్వుతోంది, నాకు అదే ముఖ్యమనిపించింది.

పుంగనూరు డాక్టరు చీటీ చూసి మాత్రలు సగానికి సగం తగ్గించాడు. ఆయన తప్పేమీ లేదు, మేమిచ్చిన చీటీ అది.

నెల తిరగకుండానే ఒళ్ళు మళ్ళీ ఉబ్బింది, ఈసారి పొట్టలో కూడా నీరు చేరింది. బస్సెక్కే స్థితి లేదు. నేనే ఇంట్లో పట్టిన సీసా పట్టుకుని మదనపల్లెకు పరుగెత్తాను. సారు కాచాడు. గొట్టం పెరుగులా గడ్డకట్టింది. నమ్మలేక మళ్ళీ కాచాడు, మూడోసారి కాచాడు. "ఇది ఎవురి సీసా? మార్చి తెచ్చినావా?" అన్నాడు. కాదన్నాను. దీపం ఆర్పి, నాలుగు సీసాలు, గొట్టాలు, దీపం, మడత పెట్టిన పంచాంగం కాగితం ఒక సంచిలో వేసుకుని, నాతో పాటు బస్సెక్కాడు. జిల్లాలో సగం మందిని తన తిన్నె మీద పడుకోబెట్టిన మనిషి ఆ రోజు మా తిన్నె మీద పడుకోవడానికి బయలుదేరాడు, తొలినీళ్ళ కోసం.

పుంగనూరులో బస్సు మారి, మా ఊరి దారి పట్టాక నడక ఉంది. ఆ నడకలో చెప్పేశాను. టెంకాయలు, చెంబులు, పెరడు, అన్నీ. ఎన్ని తిట్లు తిడతాడో, చెంపమీద కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండనిపించింది కూడా.

ఆయన దారి పక్కన ఒక బండ మీద కూర్చున్నాడు. "ఆ దినం నేను బరువు సూడలే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. నీళ్ళు చిక్కనో పలచనో చూడడానికి గాజు బుడ్డి ఒకటి ఉంటుంది, నీళ్ళలో వేస్తే తేలుతుంది. పలచనైతే మునుగుతుంది. దాన్ని వేసి ఉంటే మా దొంగతనం ఆ క్షణమే బయటపడేది.

"యాల సూడలే అని నన్ను నేనే అడుక్కుంటాండా. చెడ్డ రిజల్టు వచ్చినప్పుడల్లా నేను మూడు తూర్లు సూస్తా. బరువు సూస్తా, మళ్ళీ కాస్తా, రేపు రమ్మంటా. మంచిది వస్తే ఒక్క తూరి సూసి ఎగురుతా. ఇరవై ఏండ్లుగా ఇట్లే చేస్తాండా. ఎంత మంది మంచి రిజల్టులు తప్పులో దేవుడికెరుక." తర్వాత నా వైపు చూసి, "పాపది చిన్నతనం. నీది ప్రేమ. నాది పని. తప్పు పనిలోది" అన్నాడు.

మా ఇంటికొచ్చి చెల్లెలిని ఒక్క మాట అనలేదు. అది మొహం దాచుకుంటే, "టెంకాయలు ఎంతకిచ్చినారు పాపా బస్టాండులో? నాకెవురూ కొనిపెట్టలే" అన్నాడు. అది ఏడుస్తూనే నవ్వింది. మా అమ్మకు మాత్రం ఆ పొద్దే విషయం తెలిసి, నన్ను చీపురుతో రెండు వేసింది. సారు అడ్డం రాలేదు, బడిపంతులు దెబ్బలు తినడం చూడడం ఆయనకు ముచ్చటగానే ఉన్నట్టుంది.

తెల్లవారి మా ఇంటి కిటికీకి పంచాంగం అతికించాడు. గొట్టం వెనక ఏమీ కనపడలేదు. ఆయనే దగ్గరుండి వేలూరు పెద్దాసుపత్రికి పంపించాడు. అక్కడ సూదితో కిడ్నీ ముక్క తీసి చూశారు. ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరు చెప్పారు. మాత్రలు మళ్ళీ పెంచారు, కొత్తవి కలిపారు. వాపు తీసింది, ఆల్బుమిన్ మాత్రం పూర్తిగా ఎప్పుడూ ఆగలేదు. ఇది చుట్టమా, అల్లుడా, దొంగా అని మేము అడిగితే, "నన్ను అడగాకండి. నా జోస్యం తప్పినాది" అనేవాడు సారు.

ఆ తర్వాత ఆయన తిన్నె మీద కొత్త చట్టం వచ్చింది. చీటీ చెడుగా వచ్చినవాళ్ళు ఆ పొద్దే ఇంటికి పోవచ్చు. బాగా వచ్చినవాళ్ళు ఇంకో రాత్రి ఉండాలి! దీనికి జరిగిన రభస అంతా ఇంతా కాదు. కలికిరి మార్కెట్లో టమోటాలమ్మే ఒకాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని యుద్ధానికి దిగాడు.

"బాగుండాదంటివి కదా సారూ, మళ్ళా యాల పండుకోవల్ల?"

"బాగుండాదనే పండుకోమంటాండా."

"బాగలేకుంటే?"

"బాగలేకుంటే నమ్ముతా. బస్సుకు పో."

"ఇదేం న్యాయం సారూ! పాసైనోడికి మళ్ళా పరీక్షా?" అని తిట్టుకుంటూనే ఆయన పడుకున్నాడు. సారు భార్య ఆ రాత్రి ఆయనకు రెండు ముద్దలు ఎక్కువ పెట్టింది.

నన్ను కుప్పానికి బదిలీ చేశారు. చెల్లెలు టీచరు ట్రైనింగు చేసి, నా దగ్గరే ఉంటూ అక్కడొక చిన్న బడిలో చేరింది. మాత్రలు తగ్గాక దాని మొహం దానికి తిరిగొచ్చింది. అద్దం మళ్ళీ ఇటు తిప్పుకుంది. ఎనభైల్లో అడుగుపెట్టాం. రెండు మూడు నెలలకొకసారి ఇద్దరం కుప్పం నుంచి బస్సులు మారి మదనపల్లె వెళ్ళేవాళ్ళం. తిన్నె మీద అది రాణిలా కూర్చుని, కొత్తగా వచ్చినవాళ్ళకు చుట్టం, అల్లుడు, దొంగ పాఠం తానే చెప్పేది, సారు గొంతుతో, మూడు వేళ్ళు చూపిస్తూ. "మీ పంచాంగంలో నా పెండ్లి ఎప్పుడో చూడండి సారూ" అని ఏడిపించేది. ఆయన గొట్టం దించి, "మసక మసకగా ఉండాది పాపా" అని నవ్వేవాడు. ఆయన నవ్వు మాత్రం ఏడాదికేడాదికి చిన్నదవుతూ వచ్చింది. బరువు చూసే గాజు బుడ్డి ఎప్పుడు వేసినా ఒకే గీత దగ్గర తేలేది, నీళ్ళు చిక్కనవ్వడం మానేశాయి. కిడ్నీలు పని మానుకుంటున్నాయని దాని అర్థం. అది ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ముప్పై నిండకుండానే మా చెల్లెలు వెళ్ళిపోయింది. రక్తం కడిగే యంత్రాలు మాకు అందేంత దగ్గరలో లేని రోజులు. చివరి నెల రోజులు కుప్పంలో మా ఇంట్లోనే ఉంది. దాని గురించి ఎక్కువ రాయలేను. ఇన్నేళ్ళయినా నాకు చేతకాదు.

పదకొండో రోజు అయ్యాక ఒక మధ్యాహ్నం సారు వచ్చాడు. చేతిలో సంచి లేదు. అంత ఖాళీ చేతులతో ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. మా అమ్మ పక్కన కాసేపు కూర్చున్నాడు. తర్వాత బయటికొచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. నేను అన్నం సరిగా తిని చాలా రోజులైంది. బడికి పోతున్నాను, పాఠం మధ్యలో ఆగిపోతున్నాను. నా నెత్తిమీద ఉన్నది ఒకటే ప్రశ్న. దాన్ని అడగగలిగింది ఆయన్నొక్కణ్ణే.

"సారూ, నేను ఆ పొద్దు టెంకాయనీళ్ళు తాపించకుండా ఉంటే... ఆ నెల మాత్రలు తగ్గించకుండా ఉంటే, చెల్లెలు ఇంకా కొన్నేండ్లు ఉండేదా?"

ఆయన ఒక కన్ను మూయలేదు. తల గోక్కోలేదు. నేను అడగడం ముగించీ ముగించకముందే చెప్పాడు.

"లేదప్పా. ఉండేది కాదు. అది మొదటి దినం నుంచీ దొంగే. నీ టెంకాయలకూ దానికీ ఏం సంబంధం లే. రా, లే, అమ్మ కూడు పెడతాంది, ఇద్దరం తిందాం."

తిన్నాను. ఆ పూట కడుపునిండా తిన్నాను. ఆ రాత్రి నిద్రపోయాను. ఆ మాట పట్టుకునే పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, రిటైరయ్యాను. ఆయన కుప్పం నుంచి వెళ్ళిన మూడేళ్ళకు కాబోలు పోయాడని తెలిసింది. ఆలస్యంగా తెలిసింది, వెళ్ళలేకపోయాను.

మొన్నటి నా మూత్రపరీక్ష రిపోర్టు చూసిన కిడ్నీ డాక్టరు కుర్రవాడు, మంచివాడు, ఓపికగా మాట్లాడేవాడు. మా వంశంలో ఇంకెవరికైనా కిడ్నీ జబ్బు ఉందా అని అడిగితే చెల్లెలి సంగతి చెప్పాను. ఎప్పుడూ ఎవరికీ చెప్పని టెంకాయల సంగతి కూడా ఎందుకో చెప్పాను. అంతా విని, "మీ ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేరండీ. ఆ నెల వల్ల తేడా పడిందో లేదో అప్పుడూ చెప్పలేరు, ఇప్పుడు ఇన్ని పరీక్షలున్నా చెప్పలేరు" అన్నాడు.

"మా సారు చెప్పినాడు నాయనా" అన్నాను.